నల్లరేగడి మీద గోడ

రొంపిచెర్ల రోడ్డు పక్కన కొత్త ఇంట్లో సీతమ్మ హాలు గోడకు క్యాలెండర్ తగిలిస్తోంది. ఉగాది వెళ్లి వారమైంది. మన ఇళ్లలో అందరం చూసే దృశ్యమే. కానీ ఆ ఇంటి వంటగదిలో అదే ఏడాది క్యాలెండర్ అప్పటికే వేలాడుతోంది. షాపు మూసి భోజనానికి వచ్చిన కొడుకు వెంకట సాయి చూపు, కంచం ముందు కూర్చున్నాక కూడా ఆ రెండో క్యాలెండర్ మీదికే పోతోంది.

"ఇంకోటెందుకమ్మా?"

"దేవుడి బొమ్మరా. చుట్టి మూల పడేస్తామా? తిను, ముద్ద ఎండిపోతంది."

తిన్నాడు గాని రుచి తెలియలేదు. ఆ గోడ ముందు అతనికి స్థిమితం పోయి రెండేళ్లు దాటింది.

అంతకు ముందు వాళ్లు పాత ఊళ్లో, రాతిగట్టు మీద, నాపరాళ్ల ఇంట్లో ఉండేవారు. రోడ్డు వెడల్పయ్యాక తండ్రి శేషగిరిరావు మిరప చేలో ఒక మూల మెరక తోలించి ఈ ఇల్లు కట్టించాడు. ముందు గదిలో కొడుకు పురుగుమందుల షాపు పెట్టాడు. గృహప్రవేశమైన మాఘంలోనే హిమజ కోడలిగా వచ్చింది. చైత్రానికి హాలు గోడ నిలువునా పగిలింది. కొత్త కోడలు వచ్చిన వేళ అని ఎవరో అన్నారు. ఆనవాయితీ ప్రకారం ఆషాఢంలో హిమజ నరసరావుపేటలోని పుట్టింటికి వెళ్లింది. ఆ నెలలోనే వానలు పడ్డాయి. ఆమె తిరిగొచ్చేసరికి పగులు మూసుకుపోయి వెంట్రుకంత గీత మిగిలింది. సీతమ్మకు ఇంకేం రుజువు కావాలి? మరుసటి ఎండాకాలం గోడ మళ్లీ పగిలింది. అక్కర్లేకపోయినా సీతమ్మ ఆ ఆషాఢానికీ కోడల్ని పంపింది. పగులు మళ్లీ మూసుకుంది.

హిమజను ఎవరూ తిట్టలేదు. ఆమె హాల్లోకి వస్తే మాటలు ఆగిపోయేవి, అంతే. ఈ మాఘంలో సీతమ్మ నెమ్మదిగా అంది: "ఈ ఎండాకాలం మీ అమ్మ దగ్గరుండమ్మా. గోడ నిలబడిద్దేమో చూద్దాం." హిమజ భర్త ముఖంలోకి చూసింది. వెంకట సాయి ఫోన్‌లోకి చూశాడు. మర్నాడే ఆమె పుట్టింటికి వెళ్లిపోయింది. ఇప్పుడు ఆమె పుట్టింటివాళ్లు కబురు పెట్టారు. నెలాఖరులోగా వచ్చి తీసుకెళ్తారా, పెద్దమనుషుల్లో పెట్టమంటారా అని.

ఆ మధ్యాహ్నం అతను మళ్లీ షాపు తెరిచాడు.

"ఏంది సాయన్నా," అన్నాడు చెన్నయ్య అనే రైతు, "బెండకి మందడిగితే గడ్డిమందు ఇస్తన్నావు. నామీద కోపమా, నా బెండతోట మీదా?"

వెంకట సాయి నవ్వలేక లేచి ఇంట్లోకి వచ్చాడు. క్యాలెండర్ ఎత్తాడు. వెనక రెండు వేళ్లు పట్టేంత పగులు. అందులో తడి ఆరని సిమెంటు కూరి ఉంది. దాని మీద తల్లి వేలిముద్రలు.

హిమజ ఇంట్లో లేదు. గోడ పగిలింది.

మొదట అతనికి కలిగింది భయం. ఇన్నాళ్లూ నేరం మోయడానికి ఒక మనిషి ఉంది. ఇప్పుడు ఆ చోటు ఖాళీ అయింది.

"నువ్వు బాధపడతావనిరా," అంది గుమ్మంలో నిలబడిన సీతమ్మ. గోళ్లలో సిమెంటు కనబడకుండా చేతులు కొంగులో చుట్టుకుంది.

"ఎప్పట్నుంచి?"

"శివరాత్రి పోయిన కాణ్నుంచి. పూడ్చిన కొద్దీ విచ్చుకుంటంది."

"మరి అప్పటికి హిమజ లేదుగా?"

వరండాలో మంచం మీది నుంచి శేషగిరిరావు లేచి, "ఇటు రా," అని కొడుకుని ఇంటి వెనక్కి తీసుకుపోయాడు. మిరప పీకేసిన చేను నెర్రెలు బారి ఉంది. ఒక పెద్ద నెర్రె వంకరగా వచ్చి సరిగ్గా హాలు గోడ పునాదిలోకి దూరింది.

"ఈ నేల ఎండకి ముడుచుకుద్ది, వానకి ఉబ్బుద్ది. మా నాయన ఇక్కడ గొడ్లపాక కూడా ఎయ్యనియ్యలా. రాతి మీద మనం, రేగట్లో పంట అనేవాడు."

"తెలిసే కట్టావా నాన్నా?"

"రోడ్డు చూసి కట్టా. మీయమ్మ ఆ పిల్ల మీద పెడతంటే, నా మీదకి రాలేదులే అని ఊరుకున్నా."

సముద్రం మీంచి వచ్చే వానగాలి పడమటి కనుమల్లో చాలావరకు కురిసి, పీఠభూమి దాటి నల్లమల ఇవతలికి చేరేసరికి పల్నాడుకు మిగిలేది కొంచెమే. మిగతా నెలలు ఎండే. ఆ ఎండకూ ఈ కాస్త వానకూ మధ్య నల్లరేగడి ఏటా ముడుచుకుని ఉబ్బుతుంది. పాతవాళ్లు దాన్ని పంటకు వదిలి తాము గట్టెక్కారు. మనం దాని మీద గోడలు లేపి, అవి పగిలితే కారణం కోసం ఇంట్లో మనుషుల ముఖాలు వెతుకుతున్నాం.

ఆ సాయంత్రమే వెంకట సాయి నరసరావుపేట వెళ్లాడు. హిమజ మంచినీళ్లిచ్చి దూరంగా నిలబడింది.

"గోడ పగిలింది. నువ్వు లేకపోయినా పగిలింది. అంతా నేల వల్లే. పద, ఇంటికి పోదాం."

"పగలకపోతే వచ్చేవాళ్లా?"

వచ్చేవాణ్ణే అన్న మాట నోటిదాకా వచ్చింది. అది అబద్ధమని అతనికే తెలిసిపోయింది.

"తెలీదు," అన్నాడు.

హిమజ దగ్గరికి వచ్చి ఖాళీ గ్లాసు అందుకుంది. "వచ్చేవాణ్ణే అనుంటే నేను రాకపోదును," అంది. "కానీ ఈ ఆషాఢానికి ఎక్కడికీ వెళ్లను. వానకి గోడ మూసుకునేటప్పుడు నేను ఆ ఇంట్లోనే ఉండాలి. అత్తయ్య చూడాలి."

అతనితో తిరిగొచ్చి, అలాగే ఉండిపోయింది. ఆషాఢంలో వానలు పడ్డాయి. పగులు మూసుకోవడం మొదలైంది గాని, సిమెంటు కూరిన చోట సందు లేక గోడ పొట్టలా ముందుకు తోసుకొచ్చింది. సీతమ్మ క్యాలెండర్ దించి, అట్లకాడతో సిమెంటు గీకడం మొదలుపెట్టింది. హిమజ ఇంకో అట్లకాడ పట్టుకుని పక్కకు వచ్చింది.

"అవతలికి జరగవే, మీద పడిద్ది."

"పడనీయండి అత్తయ్యా. పడినా నావల్లే అంటారుగా."

సీతమ్మకు నవ్వొచ్చింది. వెంటనే ముఖం గోడవైపు తిప్పుకుని, కళ్లలో దుమ్ము పడిందంటూ కొంగుతో తుడుచుకుంది.

నేల తన గుణం ప్రకారం నడుస్తుంది. ఇల్లు కట్టేవాళ్లు ముందు దాన్ని తెలుసుకోవాలి, కాదని కడితే ఆ తప్పు తామే మోయాలి. ఇంటికి వచ్చిన ఆడపిల్ల నెత్తిన దాన్ని పెట్టకూడదు.