ఊరందరి మోకాలు

ఆదివారం పూజ ముగించుకుని చర్చి నుంచి వస్తున్న పురీత, శాన్ రోకే పేట బాస్కెట్‌బాల్ కోర్టు ముందు ఆగిపోయింది. నిలువెత్తు ఫ్లెక్సీ ఒకటి గాలికి ఊగుతోంది. అందులో ఆమె కొడుకు సీసో బంతితో గాల్లోకి ఎగురుతున్నాడు. పక్కనే, అతనికంటే కాస్త పెద్దగా, పేటకు ఎన్నికైన పెద్ద, కప్తాను తెర్యో నవ్వుతున్నాడు. ‘పండుగ ఆటలో మన సీసో!’ అని కింద రాసి ఉంది. పురీత కళ్ళు చెమర్చాయి. ఆడతావా అని సీసోను ఎవరూ అడగలేదన్న సంగతి మాత్రం ఆమెకు తట్టలేదు. ఇలాంటివి మనలో చాలామందికి తట్టవు లెండి.

సీసో మనీలా జట్టులో జీతానికి ఆడే ఆటగాడు. నిరుడు కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. పసివాడిలా మళ్ళీ నడక నేర్చుకుని, ఈమధ్యే పరుగందుకున్నాడు. పండుగ వెళ్ళిన వారానికే జట్టు పోటీలు మొదలు. జట్టు అనుమతి లేకుండా బయట ఎక్కడా ఆడకూడదని ఒప్పందం. ఆడినట్టు తెలిస్తే ఉద్యోగం పోతుంది. తెలియకపోయినా, మోకాలు మళ్ళీ తిరగబడితే ఆటే పోతుంది. అమ్మను చూసి, పండుగ భోజనం చేసి వెళ్దామని వచ్చాడు పాపం.

పేటలో ఒకడు పైకొస్తే, వాణ్ణి భుజాన మోసింది మేమేనని ప్రతి ఇంటికీ గట్టి నమ్మకం. వాడు గెలిచిన కొద్దీ మోసినవాళ్ళు పెరుగుతుంటారు.

“ఫ్లెక్సీ చూశావట్రా? పళ్ళెంత తెల్లగా పడ్డాయో!” అంది పురీత, నూడుల్స్ కలియబెడుతూ.

“చూశానమ్మా. నేను ఆడట్లేదు.”

గరిటె ఆగింది. “ఆడవా? జ్ఞానస్నానం నాడు నిన్నెత్తుకున్న నీనోంగ్ రా కప్తాను! తండ్రి తర్వాత తండ్రి. ఆయన మాట కొట్టేస్తే రేపు చర్చిలో ఏ ముఖం పెట్టుకుని కూర్చోను?”

“ఉన్న ముఖంతోనే కూర్చో.”

“వెటకారమొకటి! కాసేపు అలా పరిగెత్తొస్తే ఏం అరిగిపోతావు?”

అంతలో కప్తానే వచ్చాడు. చంకలో పందెం పుంజు ఉంది. కూర్చుంటూనే దాని కాళ్ళు నిమరసాగాడు.

“ఒరే సీసో! మైకులో కూడా చెప్పించేశాను. పక్క పేటవాళ్ళు మనీలా ఆటగాళ్ళని దింపుతున్నారట. మన పరువంతా నీ చేతుల్లోనే ఉంది.”

“నా మోకాల్లో ఉంది నీనోంగ్. నా భయమూ అదే.”

“ఓహో! పెద్దవాడివైపోయావుగా, మా సిమెంటు కోర్టు నీ కంటికి ఇంకేం ఆనుతుందిలే!”

ఈ ఒక్క దెబ్బకు ఎంతటివాడైనా పడిపోతాడు. సీసో పడలేదు.

“సరే నీనోంగ్, మీ పుంజును కాసేపు ఇవ్వండి. వీధి పిల్లలు దాన్ని పక్కింటి పుంజుతో సరదాగా పోట్లాడిస్తారట.”

కప్తాను పుంజును గుండెకు హత్తుకున్నాడు. “మతి పోయిందట్రా! పండుగ మర్నాడే పందెం. గుడ్డుసొన పెట్టి, కాళ్ళు పట్టి పెంచుకుంటున్నాను. నేల మీద కూడా దించను దీన్ని!”

“కాసేపే కదా, ఏం అరిగిపోతుంది?” అన్నాడు సీసో, అమ్మ వైపు చూడకుండా.

పుంజు కొక్కొరోకో అంది. పురీత పొయ్యి కట్టేసి వచ్చి కొడుకు ముందు కూర్చుంది. పంట్లాం మోకాలి పైకి మడిచింది. టీవీలో ఎప్పుడూ కనబడని కుట్ల గీత, పొడుగ్గా, ఇంకా నిగనిగలాడుతూ ఉంది. వేలితో దాని పక్కనే రాసింది, ముట్టుకోకుండా.

“అన్నయ్యా, ఫ్లెక్సీ దించెయ్యండి. వీడు ఆడడు.”

“దించడం ఎలాగమ్మా? నా బొమ్మ కూడా ఉందిగా!” అన్నాడు కప్తాను. కానీ గొంతు తగ్గింది.

పండుగ నాడు సీసో చెప్పులతో వచ్చి, పేట జట్టు బెంచీ మీద కూర్చున్నాడు. “సీసో! కాళ్ళు మనీలాలో మర్చిపోయొచ్చావా?” అని ఎవడో అరిచాడు.

“తెచ్చాను రా! వచ్చే వారం టీవీలో చూపిస్తా!” అన్నాడు సీసో. అరిచినవాడితో సహా అందరూ నవ్వారు. విరామంలో కుర్రాళ్ళకు ఎవరినెలా అడ్డుకోవాలో చెప్పాడు. వాళ్ళు హోరాహోరీగా ఆడి, కొద్దిలో ఓడారు. పరువు ఎక్కడికీ పోలేదు. అందరితోపాటు బల్లల దగ్గర కూర్చుని భోంచేసింది.

బహుమతులయ్యాక కప్తాను మైకు అందుకున్నాడు. చెప్పబోయే ఆలోచన తనకు పుట్టుకతోనే ఉందన్నంత ధీమాగా మాట్లాడాడు:

“మనం చూసేది వేడుక, వాడు చేసేది పని. వడ్రంగికి ఉలి ఎలాగో వాడికి ఒళ్ళు అలాగ. అది పాడైతే మనమెవ్వరం కొత్తది కొనివ్వలేం. మనవాడంటే మనకు నిజంగా అభిమానముంటే, ఫ్లెక్సీ కట్టే ముందు ‘ఆడగలవా నాయనా?’ అని అడగాలి. వాడు ‘ఆడలేను’ అంటే, ఆ మాటకీ చప్పట్లు కొట్టాలి.”