ఐదు గంటల్లోపు ఐదు పేర్లు

ఇరవై నిమిషాలు నమిలి నమిలి చివరికి కుదరదని చెప్పే బదులు మొదటి నిమిషంలోనే కుదరదమ్మా అని ఫోను పెట్టేస్తే ఈయన సొమ్మేం పోయింది, పౌరుల భాగస్వామ్యం మీద మూడు పుస్తకాలు రాసిన పెద్దమనిషి, జనం ముందుకు రాకపోతే సంస్థలు ఎండిపోతాయని ప్రతి సభలోనూ బల్ల గుద్ది చెప్పే మనిషి, సరే సార్ మీరే ముందుకు రండి అంటే మాత్రం ఈమధ్య మోకాళ్ళ నొప్పులమ్మా అంటాడు, పత్రిక నడపడానికి మోకాళ్ళతో ఏం పనో ఆమెకు అర్థం కాలేదు, ఫోనును బల్ల మీద బోర్లా పడేసి జాబితాలో పదకొండో పేరు కొట్టేసింది, కొట్టేసిన ఊపుకు పెన్సిలు మొన విరిగి ఎక్కడికో ఎగిరిపోయింది, షార్ప్‌నర్ సొరుగులో లేదు, గోడవతల జిరాక్సు మిషను గుర్రుమంటూ మొదలెట్టింది, అది మొదలెట్టినప్పుడల్లా ఈ బల్ల కూడా వణుకుతుంది, ఈ గదిని విశ్వవిద్యాలయ శాఖవాళ్ళు ఒకప్పుడు చిరిగిన మ్యాపులు దాచుకోవడానికి వాడేవాళ్ళు, రాజనీతి శాస్త్ర పత్రికకు కార్యాలయం కావాలని అడిగితే ఉదారంగా ఇది ఇచ్చారు, మ్యాపులు మాత్రం ఇంకా తీసుకెళ్ళలేదు, లేని దేశాలన్నీ ఆ మూల చుట్టలు చుట్టుకుని పడున్నాయి, టైము పన్నెండున్నర.

ఐదు గంటల్లోపు ఐదు పేర్లు, ఒక ప్రధాన సంపాదకుడు, నలుగురు సహ సంపాదకులు, లేకపోతే వచ్చే సంచికతో పత్రికను తాత్కాలికంగా ఆపేద్దామని పత్రికను నడిపే సంఘం అధ్యక్షుడు నిన్న చల్లగా చెప్పాడు, తాత్కాలికంగా అంటే ఏమిటో ఆమెకు తెలియనిదా, తాత్కాలిక ప్రభుత్వం అని మొదలై ముప్పై ఏళ్ళు కదలకుండా కూర్చున్న వాటి మీద ఆమే ఒక వ్యాసం అచ్చు వేసింది, పదకొండేళ్ళు సంపాదకత్వం చేశాను ఇక నావల్ల కాదు, ఏడాది చివర దిగిపోతానని సభలో చెప్పినప్పుడు అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, ఆ చప్పట్లు కొట్టిన చేతులన్నీ ఇప్పుడేమయ్యాయి, అందరూ పల్లకి ఎక్కేవాళ్ళే అయితే మోసేవాళ్ళెవరు అని ఊరికే అన్నారా, మూడు నెలలు ప్రకటన వేస్తే వచ్చినవి ముచ్చటగా మూడు దరఖాస్తులు, మొదటిది ఒక కళాశాల ప్రిన్సిపాలుది, అట్ట మీద ఫొటో వేస్తారా అని అడిగాడు, రెండోది నలుగురు స్నేహితులది, నలుగురూ ప్రధాన సంపాదకులే, మరి వచ్చిన వ్యాసాలు చదివేదెవరు నాయనా అంటే దానికొక ఉపసంఘం వేస్తామన్నారు, మూడోది చాలా వినయంగా, చాలా అందంగా రాసిన ఉత్తరం, కాకపోతే పైన రసాయన శాస్త్ర పత్రిక పేరుంది.

ఫోను మోగింది, ఎన్నికల మీద పరిశోధన చేసే ఆవిడ, పొద్దున ఆలోచించి చెప్తానంది, ఇంకా ఎవరెవరు ఒప్పుకున్నారండీ అని అడిగింది, ముందు మీరు ఒప్పుకుంటే మీ పేరు చెప్పి మిగతావాళ్ళని అడుగుతానండీ, అబ్బే మిగతావాళ్ళు తేలాక చెప్పండి, నాదేముంది చివర్లో చూద్దాం, ఓటు ఎందుకు వెయ్యాలో ముప్పై ఏళ్ళుగా పాఠం చెప్తున్న మనిషి, ఎటు గాలి వీస్తుందో చూసి చెప్తానంటుంది, ఆమె పన్నెండో పేరును విరిగిన పెన్సిలుతోనే గీరింది, కాగితం చిరిగింది, ఫోను ఇంకా చేతిలో ఉండగానే మళ్ళీ మోగింది, ఈసారి ఇంటినుంచి అక్క, మోకాలి ఆపరేషను చేయించుకుని నెల నుంచీ ఇక్కడే ఉంది, ఒసేయ్, కుళాయి బాగుచేసే అతను వచ్చి వెళ్ళాడు, వంటగదంతా నీళ్ళు, ఏ గుడ్డతో తుడవమంటావు, నువ్వేం ముట్టుకోకక్కా, నేనొచ్చి తుడుచుకుంటాను, పోనీ మీ ఆయన్ని తుడవమననా, ఖాళీగానే ఉన్నాడు, వద్దు, ఆయన తుడిస్తే మళ్ళీ తుడవాలి, పొద్దుట్నుంచీ ముట్టుకోకు ముట్టుకోకు అంటావు, అంటే ఏమిటే, నాకేమన్నా అంటురోగమా, అక్కా నాకు పనుంది, నీకెప్పుడు లేదు గనక, అని అక్క ఠక్కున పెట్టేసింది, గోరుచుట్టు మీద రోకటిపోటు, అందరికీ ఇవాళే దొరికింది.

పదమూడో పేరు శిష్యురాలిది, దాన్ని చివరికి దాచుకుంది, ఎందుకంటే అది కాదనదు, పిహెచ్‌డీ ఐదేళ్ళూ ఈ గదిలోనే తిరిగిన పిల్ల, ఇప్పుడు నది అవతల విశ్వవిద్యాలయంలో ఉద్యోగం, తెలివైంది, నిక్కచ్చిగా చదువుతుంది, దాన్ని చేతిలో పెట్టుకుని ఈ మోకాళ్ళవాళ్ళనీ గాలివాళ్ళనీ బతిమాలడమేమిటని తనమీద తనకే విసుగొచ్చింది, ఫోను చేసింది, చెప్పింది, మేడమ్, మీరు తప్పుగా అనుకోకపోతే ఒక మాట చెప్తాను, చెప్పు, నాకు భయమండీ, దేనికే భయం, నేనున్నాగా, అదేనండీ, మీరు ఈ పనిలోకి రాకముందు మీ మొదటి పుస్తకం చదివే నేను ఈ సబ్జెక్టులోకొచ్చాను, ఈ పదకొండేళ్ళలో మీరు రెండోది రాయలేదు, రాయరని కాదు, రాయనివ్వలేదు ఇది మిమ్మల్ని, నాక్కూడా అలాగే అవుతుందేమోనని, సరేలే, తర్వాత మాట్లాడదాం, తరగతికి టైమైందేమో వెళ్ళు అంది, ఇంట్లో అలమరాలో రెండో పుస్తకం తాలూకు నోట్సులు మూడు అట్టపెట్టెల్లో ఉన్నాయి, మొన్న అక్క వాటి మీద ఇస్త్రీ బట్టలు పెడితే అరిచింది, అరిచాక తనే మళ్ళీ బట్టలు వాటి మీదే పెట్టింది, ఎక్కడ పెట్టడానికి చోటులేక.

రెండున్నర, జాబితా అయిపోయింది, ఇక మిగిలింది సమీక్షకుల పట్టిక ఒక్కటే, వ్యాసాలు చదివి మంచిచెడ్డలు రాసి పంపేవాళ్ళు, నూట నలభైమంది, అందులో సకాలంలో పంపేవాళ్ళెవరో తీసి అడుగుదామని కంప్యూటరులో పట్టిక తెరిచింది, ఆలస్యం ముప్పై రోజులు, ఆలస్యం తొంభై రోజులు, ఒకాయన ఏడాదిన్నర తర్వాత ఇంతకీ ఏ వ్యాసమని అడిగాడు, ఒక్క పేరు పక్కన మాత్రం ఆలస్యం సున్నా, ఎనిమిదేళ్ళలో అరవై ఒక్క వ్యాసాలు, అన్నిటికీ సున్నా, ఆ పేరు చూడగానే ఆమెకు ఒళ్ళు మండింది, గొడ్డలి, సమీక్ష రాసిందెవరో తెలియకపోయినా రచయితలు చదివి గొడ్డలిపెట్టు అని ఏడుస్తారు, దాన్నుంచే ఆయనకు ఆ మారుపేరు ఆమె పెట్టింది, ఒక చిన్న కళాశాలలో లెక్చరరు, ఎనిమిదేళ్ళ కిందట సహ సంపాదకుడిగా చేరి సరిగ్గా మూడు నెలలకి, చెప్పాపెట్టకుండా కాదు గానీ చెప్పీ చెప్పకుండా, ఒక రెండు లైన్ల ఉత్తరం పెట్టి వెళ్ళిపోయాడు, ఆరంభశూరుడని ఆమె అందరికీ చెప్పింది, ఇప్పటికీ చెప్తుంది, కుర్చీ వేడెక్కకముందే లేచిపోయాడని, అలా లేచిపోయినవాడు మరి ఎనిమిదేళ్ళుగా ఒక్క రోజు ఆలస్యం లేకుండా ఎందుకు చదువుతున్నాడు, ఎవరు చదవమన్నారు, ఏ గుర్తింపూ లేని పని, పేరు కూడా బయటికి రాని పని, ఈ ప్రశ్న ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదే తనకి, తాడోపేడో తేలిపోతుందని ఫోను చేసింది.

ఆయన రెండో రింగుకే ఎత్తాడు, చెప్పండి మేడమ్, ఆ భూసంస్కరణల వ్యాసం ఎల్లుండికి కదా, రేపే పంపుతాను, అది కాదండీ, కొత్త సంపాదకవర్గం కోసం, చదివాను మేడమ్ మీ ప్రకటన, చదివితే మరి దరఖాస్తు పెట్టలేదేం, అందులో ఒక తప్పుందండీ, అచ్చు తప్పా, కాదు, ప్రధాన సంపాదకుడి పనులని పద్నాలుగు రాశారు, సహ సంపాదకులకేమో పై పనుల్లో తోడ్పడవలెను అని ఒకటే లైను, అది ఐదుగురి ప్రకటన కాదు మేడమ్, ఒక్కరిది, మిగతా నలుగురు లోపలి అట్ట మీద పేర్లు, ఆమెకు కోపం నషాళానికి అంటింది, పని మానేసి వెళ్ళినవాళ్ళు కూడా పని గురించి చెప్తున్నారా అనేసింది, అన్నాక నాలుక కరుచుకుంది, అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు, ఎవరో పిల్లలు హాజరు వెయ్యమని అడుగుతున్నారు, ఒక్క నిమిషం ఆగండమ్మా అని వాళ్ళకి చెప్పి ఆయన మెల్లగా అన్నాడు, నేను మానెయ్యలేదు మేడమ్, నాకు పని లేకపోయింది, జిల్లా పరిషత్తుల వ్యాసం గుర్తుందా, తొమ్మిది రోజులు కూర్చుని దిద్దాను, మీరు ఒక్క ఆదివారంలో మొత్తం మళ్ళీ దిద్దేశారు, తర్వాత ఇంకో రెండు కూడా అలాగే, తప్పని అనట్లేదు, మీరు బాగానే చేస్తారు, కానీ అలాంటప్పుడు ఇద్దరెందుకండీ, అందుకే సమీక్షలకి మారాను, సమీక్ష మీరు దిద్దలేరు కదా.

మూడుంబావు, తరగతి అయ్యాక మాట్లాడతానని ఆయన పెట్టేశాక, నింద వేస్తే వేశాడు, అది తప్పని నిరూపిస్తానని ఆమె పాత ఫైళ్ళలోకి వెళ్ళింది, జిల్లా పరిషత్తులు, అతని ప్రతి, దాని మీద ఎర్ర గీతలతో తన ప్రతి, రెండూ పక్కపక్కన తెరిచింది, రెండు వందల పన్నెండు చోట్ల అతను మార్చాడు, ఆమె ఆరు మాత్రం ఉంచింది, ఉంచిన ఆరూ కామాలు, సరే, అవసరమయ్యే మార్చి ఉంటాను, చూద్దాం, మొదటి పేరాలో అతని వాక్యం చిన్నగా, నిక్కచ్చిగా ఉంది, దాన్ని తీసి తను పెట్టింది నాలుగు లైన్లుంది, చివరికొచ్చేసరికి కర్త ఎవరో మరిచిపోతాం, రెండో పేరా, మూడో పేరా, ఒకచోట తను మార్చింది మేలు, రెండుచోట్ల, అబద్ధమెందుకు, మూడుచోట్ల, మిగతావన్నీ ఎందుకు మార్చిందో ఎంత తన్నుకున్నా ఇవాళ చెప్పలేకపోయింది, ఆయనలాగే వచ్చి వెళ్ళిన మిగతా సహ సంపాదకుల ఫైళ్ళు తెరిస్తే అవీ ఇంతే, చదువుతుంటే చెవులు వేడెక్కాయి, ఈ గదిలో ఎవరూ లేనందుకు సంతోషించింది, జిరాక్సు మిషను మళ్ళీ గుర్రుమంది, నోర్మూసుకో అంది దాన్ని, పైకే.

నాలుగింటికి ఆయన చేశాడు, ఆమె క్షమాపణ చెప్పాలనుకుంది, నోట్లోంచి ఊడిపడలేదు, సహ సంపాదకులుగా మళ్ళీ వస్తారా అని మాత్రం అడిగింది, వస్తాను మేడమ్, ఒక షరతు, నా చేతికొచ్చిన వ్యాసం అచ్చయ్యేదాకా మీరు చూడకూడదు, మీరైనా, మీ తర్వాత ఎవరొచ్చినా, తప్పులు దొర్లితే అన్నది ఆమె, దొర్లితే అవి నా తప్పులు, వాటికి నేనే సమాధానం చెప్తాను, మింగలేక కక్కలేక ఆమె గుక్కెడు నీళ్ళు తాగింది, వరసలో ఉన్న ఏడు వ్యాసాలూ, వెబ్‌సైటు పాస్‌వర్డూ ఇప్పుడే పంపుతానంది, పాస్‌వర్డా, అన్నాడు ఆయన, గొడ్డలి మనిషి గొంతులో మొదటిసారి తడబాటు విన్నది, పదకొండేళ్ళలో ఆ పాస్‌వర్డు ఇంకొకరికి చెప్పింది లేదు, చెప్పాక చూస్తే అదేమంత పెద్ద విషయం కాదు, ఎనిమిది అక్షరాలే, ఆ వెంటనే, ధైర్యం చల్లారకముందే, శిష్యురాలికి చేసింది, పుస్తక సమీక్షల విభాగం ఒక్కటి తీసుకో, ఏడాదికి ఎన్ని పుస్తకాలు చెయ్యాలో నువ్వే చెప్పు, అంతకు మించి ఎవరూ అడగరు, ఆ అమ్మాయి ఒకటే మాట అడిగింది, మీరు మళ్ళీ చూడరా మేడమ్, చూడను, నిజంగానా, నిజంగానే, అయితే ఆరు చేస్తానండీ అంది వెంటనే, అంత వెంటనే ఒప్పుకునేసరికి ఆమెకు సంతోషానికి బదులు మళ్ళీ ఒళ్ళు మండింది, ఇందాక చెప్పిన భయం అబద్ధం కాదు గాని, దాని వెనక ఇదొకటి ఉందన్నమాట, మర్యాదకి చెప్పలేదు.

ఐదు గంటలకి పది నిమిషాలుండగా రెండు పేర్లు పంపింది, నిమిషంలో అధ్యక్షుడు ఫోను చేశాడు, ఇదేమిటమ్మా రెండే పంపావు, ఐదు కదా అనుకున్నది, మిగతా ముగ్గురినీ వాళ్ళిద్దరే వెతుక్కుంటారండీ, కలిసి పనిచెయ్యాల్సింది వాళ్ళు కదా, మరి ప్రధాన సంపాదకుడెవరు, అదీ వాళ్ళే తేల్చుకుంటారు, అదెక్కడి పద్ధతమ్మా, ఏమోనండీ, నాకు తెలిసిన పద్ధతి ఇవాళ పదమూడుమంది చేత వద్దనిపించుకుంది, ఆయన గొణిగాడు, ఎవరితోనో మాట్లాడాడు, సరే, మూడు నెలలు చూద్దాం, ఒక్క సంచిక, అది బాగుంటే అప్పుడు చూద్దాం అన్నాడు, మాటిచ్చినట్టేనా అని రెట్టించింది, ఇచ్చినట్టేలే తల్లీ అని పెట్టేశాడు, తెర మీద అప్పుడే ఒక గుర్తు వెలిగింది, ఏడు వ్యాసాల్లో మొదటిది ఎవరో తెరిచారు, ఆ కళాశాలలో తరగతులు అయిపోయినట్టున్నాయి, ఆమె చెయ్యి దానంతటదే మౌసు మీదికి వెళ్ళింది, ఏం మారుస్తున్నాడో ఒక్కసారి, మార్చడానికి కాదు ఊరికే చూడటానికి, చెయ్యి వెనక్కి తీసుకోవడానికి కొంచెంసేపు పట్టింది, కోపం ఏమీ తగ్గలేదు, మోకాళ్ళాయన మీదా గాలివాటం ఆవిడ మీదా అట్టఫొటో ప్రిన్సిపాలు మీదా అంతా అలాగే ఉంది, వాళ్ళు దానికి తగినవాళ్ళే, కాని పదకొండేళ్ళుగా సభల్లోనూ ఇంట్లోనూ అక్క దగ్గరా, నాకు చెయ్యి అందించేవాళ్ళు ఒక్కరూ లేరని చెప్పుకుంటూ వచ్చిన ఆ పెద్ద కోపం మాత్రం నిలబడటానికి చోటు వెతుక్కుంటోంది, వచ్చినవాళ్ళు వచ్చారు, తొమ్మిదేసి రోజులు కూర్చున్నారు, వాళ్ళంతట వాళ్ళు వెళ్ళిపోలేదు, ఒక్కొక్కళ్ళనీ తనే, ఎంతో శ్రద్ధగా, ఎర్ర ఇంకుతో, పంపించేసింది.