కుందేలు మీసాలు

ఆ పిల్లను ఇంట్లో అందరూ గుసగుస అనే పిలుస్తారు. పేరు పెట్టింది బాబాయి. చిన్నప్పుడు మంచినీళ్లు కావాలన్నా పిన్ని చెవి దాకా వచ్చి అడిగేదే తప్ప గొంతు పైకెత్తి అడిగి ఎరగదు. ఇప్పుడు తొమ్మిదో తరగతికి వచ్చింది. మనిషి పెరిగింది కానీ గొంతు ఉన్నచోటే ఉంది. క్లాసులో హాజరు పిలిస్తే పక్కన కూర్చున్న పిల్లే జాలిపడి "వచ్చింది టీచర్" అని చెబుతుంది.

అలాంటి పిల్ల నెత్తిన ఓ పిడుగు పడింది. బడిలో ఒకటో తరగతి పిల్లల కోసం కొత్తగా కథల గది తెరుస్తున్నారు. తెరిచే రోజు తొమ్మిదో తరగతి వాళ్లు తలా ఒక కథ చెప్పాలట. వినేవాళ్లు పిల్లలొక్కరే అయితే ఎలాగో గట్టెక్కేది. వాళ్ల అమ్మానాన్నలు కూడా వస్తారట. ఆ మాట విన్న దగ్గర్నుంచి గుసగుసకు ముద్ద దిగలేదు. చివరికి ఒక ఉపాయం తట్టింది. దుప్పటి కట్టి, దాని వెనక కూర్చుని, నీడబొమ్మలతో కథ చెబితే తన ముఖం ఎవరికీ కనిపించదు. టీచరు దగ్గరికి వెళ్లి అదే అడిగింది. టీచరు మూడుసార్లు "ఏమిటమ్మా?" అన్నాక ఆ సంగతి బయటపడింది.

టీచరు ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే ఒక మెలిక పెట్టింది. ముందు రోజు ఒకసారి ఆడి చూపించాలి. బొమ్మలు సరిగా కనిపించాయా సరే, లేదంటే అందరిలాగే ముందుకొచ్చి నిలబడి చెప్పాలి.

గుసగుస చెప్పుల డబ్బాల అట్టలు కత్తిరించి ఒక కుందేలును, ఒక ఏనుగును, ఒక గోడను చేసింది. కథ చిన్నదే. పొట్టి కుందేలుకు గోడ అవతల ఏముందో చూడాలని ఆశ. ఏనుగును బతిమాలి వీపెక్కుతుంది. కుందేలు మూతికి చీపురు పుల్లలు సన్నగా చీల్చి మీసాలు అంటించింది. ఆ మీసాల కోసమే ఒక సాయంత్రమంతా పట్టింది.

ఇక కావలసింది వెలుగు. వెలుగంటే బాబాయి. ఆయన ధాన్యం గోడౌనుకు కాపలాదారు. టార్చిలంటే పిచ్చి. కొత్త రకం వచ్చిందని తెలిస్తే కాలు నిలవదు. గోడౌను మెట్ల మీద నిలబడి వేస్తే అంత దూరాన ఉన్న నీళ్ల ట్యాంకు మీది అంకెలు కనిపించాలి, కనిపిస్తేనే అది టార్చి, లేకపోతే అగ్గిపుల్ల అంటాడు. మా ఇంట్లో పొద్దుగూకదు, ఈయన ఒప్పుకోడు అని పిన్ని అందరితో చెబుతుంటుంది.

విషయం వినగానే బాబాయి చంకలు గుద్దుకున్నాడు. ఇన్నాళ్లకు ఇంట్లో ఒకరికి తన టార్చిలతో పని పడింది. ఆదివారం మధ్యాహ్నం సామాన్ల గది కిటికీకి గోనెసంచులు అడ్డం కట్టి, తాడు మీద దుప్పటి వేలాడదీశారు. పిన్ని బక్కెట్టు బోర్లించి ఇవతల కూర్చుంది, చూడ్డానికి తనొక్కతే.

బాబాయి మొదట తన ముద్దుల టార్చి తీశాడు. నాలుగు బల్బులది. నొక్కగానే గదంతా పట్టపగలైంది. గుసగుస కుందేలును వెలుగులో పెట్టింది. అవతల పిన్ని మెడ చాచి చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఇది దువ్వెనా, జంతువా?"

"కుందేలు పిన్నీ."

"చెవులు ఎనిమిదున్నాయే."

బాబాయి వంగి దుప్పటి మీదికి చూశాడు. నిజమే, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు నాలుగు కుందేళ్లు. అయినా ఆయన తగ్గలేదు. ఒకటి పెడితే నాలుగొచ్చాయి, లాభమే కదా అన్నాడు. గుసగుస మాత్రం టార్చి ముఖంలోకి చూసి, ఒక బల్బును వేలితో మూసింది. ఒక కుందేలు మాయమైంది. ఇంకోటి మూస్తే ఇంకోటి పోయింది. అంటే ఏ బల్బు నీడ దానిదే. మూడోదీ మూసేసరికి బాబాయి ప్రాణం విలవిల్లాడింది. వెలుగులో మూడొంతులు ఎవరైనా చేత్తో మూస్తారా అని బాధపడ్డాడు. పోనీ మిగిలిన ఆ ఒక్క కుందేలైనా స్పష్టంగా ఉందా అంటే, అదీ లేదు. అంచులు తడిసిన కాగితంలా అలుక్కుపోయాయి.

రెండోది పొడుగు టార్చి, నీళ్ల ట్యాంకు అంకెలు చదివేది. దానికి ఒకే బల్బు. చుట్టూ లోతైన అద్దపు గిన్నె. వేయగానే దుప్పటి నడిమధ్య కళ్లు చెదిరే చుక్క ఒకటి పడింది. దాని చుట్టూ ఉల్లిపాయ కోసినట్టు వలయాలు. ఏనుగును పెడితే పొట్ట చుట్టూ వెలుగు ధగధగ మెరిసింది కానీ, తొండం ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు.

బాబాయి డబ్బా తెచ్చి, దాని మీద వెలుగు కొలతగా రాసి ఉన్న ల్యూమెన్ల సంఖ్య భక్తిగా చదివి వినిపించాడు. బజారులో ఇంతకు మించింది లేదన్నాడు.

"అవన్నీ ఒక్కచోటే గుంపుగా నిలబడ్డాయండీ," అంది పిన్ని. "కాస్త జరగమని చెప్పండి."

గుసగుస నవ్వింది కానీ, లోపల దిగులు మొదలైంది. దుప్పటి పనికిరాకపోతే అంతమంది ముందు నిలబడాలి. నోరు తెరవాలి.

ఇక మిగిలింది బాబాయి చొక్కా జేబులో ఉండే బుల్లి టార్చి. బొటనవేలంత ఉంటుంది. తాళం కప్పలోకి తొంగి చూడ్డానికి తప్ప దేనికీ వాడడు. దాన్ని చూపించడానికే ఆయనకు నామోషీగా ఉంది. పైగా వెలిగించి చూస్తే అద్దం మీద దుమ్ము. తుడుద్దామని మూత మర తిప్పి ఊడదీశాడు. గిన్నె, అద్దం ఆయన చేతిలోకి వచ్చేశాయి. అడుగున నువ్వుగింజంత బల్బు ఒక్కటే బోడిగా వెలుగుతూ ఉండిపోయింది.

అప్పుడు గుసగుస చేతిలో కుందేలు ఊరికే ఉంది. ఎందుకో దుప్పటి వైపు చూసి అలాగే ఆగిపోయింది. కత్తితో కోసినట్టు ఒకే ఒక్క కుందేలు. చెవుల కొనలు, తోక మీద కత్తెర జారిన గాటు, అన్నీ ఉన్నాయి.

"ఓసి దీనికి మీసాలున్నాయే," అంది పిన్ని అవతల నుంచి.

"మొదట్నించీ ఉన్నాయి పిన్నీ."

బాబాయి మూతి ముడుచుకున్నాడు. తల తీసేశాక అది టార్చే కాదన్నాడు. వెలుగు దుప్పటి మీదికి పోయినంత పైకప్పు మీదికీ పోతోంది, తన ముఖం మీదికీ పోతోంది, అంతా వృథా అన్నాడు. ఆయన చెప్పిందీ నిజమే. నీడ చక్కగా ఉంది కానీ వెలుగు మరీ తక్కువ. పిన్ని బక్కెట్టు ఎత్తుకుని తలుపు దాకా జరిగితే ఆమెకు కుందేలు ఏదో, గోడ ఏదో తెలియలేదు.

బడిలో ఆడి చూపించే రోజు ఆ చిక్కే వచ్చింది. టీచరు వెళ్లి చిట్టచివరి బెంచీ మీద కూర్చుంది. మూత తీసిన బుల్లి టార్చి వేస్తే ఏదో కదులుతున్నట్టుంది కానీ ఏమిటో తెలియడం లేదంది. ఈ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు బాబాయి సంచిలోంచి నాలుగు బల్బులది తీసి వెలిగించాడు. టీచరు ముఖం విప్పారింది. ఇప్పుడు ఎంత దూరానికైనా కనిపిస్తోంది, నాలుగు తలలుంటే ఉన్నాయి, పిల్లలు ఇంకా నవ్వుతారు, ఇదే ఖాయం చేసుకొమ్మంది.

అంటే గుసగుస గండం గడిచింది. జనం దూరంగా కూర్చుంటారు, తను దుప్పటి చాటున ఉంటుంది. ఇంకేం కావాలి? తలూపి బొమ్మలు సర్దుకోవచ్చు. చేతిలో కుందేలు ఉంది. మీసాలు వేలికి తగులుతున్నాయి, తెర మీద మాత్రం లేవు.

"టీచర్, ఒకసారి ముందుకొచ్చి చూడండి," అంది.

ఈసారి టీచరు "ఏమిటమ్మా" అనలేదు. లేచి వచ్చింది. గుసగుస బుల్లి టార్చిని బాబాయి చేతిలో పెట్టి, కుందేలును ఆడించింది. టీచరు దుప్పటికి దగ్గరగా వంగి చాలాసేపు చూసింది.

"చాలా బాగుంది. కానీ ఇది కనిపించాలంటే అందర్నీ తెర దగ్గరే కూర్చోబెట్టాలి. చిన్నపిల్లలు, ముక్కులు తెరకు ఆనిస్తారు. కింది నుంచి నీ కాళ్లు కనిపిస్తాయి. తెర పీకినా పీకుతారు. నీకు సరేనా?"

గుసగుస బాబాయి వైపు చూసింది. ఆయన ఏదైనా చెబుతాడేమో అనుకుంది కానీ ఆయన తన పెద్ద టార్చిని సంచిలో పెట్టుకోవడంలో మునిగి ఉన్నాడు.

"సరే టీచర్."

మర్నాడు కథల గది కిక్కిరిసింది. కిటికీలు మూశారు. పిల్లలు చాపల మీద తెరకు జానెడు దూరంలో ఒకరి మీద ఒకరు పడుతూ కూర్చున్నారు. పెద్దవాళ్లు వాళ్ల వెనకే గుంపుగా నిలబడ్డారు. తెర వెనక బాబాయి బుల్లి టార్చి పట్టుకుని కొయ్యలా బిగుసుకుపోయాడు. ఆయన చెయ్యి కదిలితే ఏనుగు పరుగెడుతుంది మరి. ఏ వస్తువునైనా టార్చి ఊపుతూ చూసే మనిషికి అది పెద్ద శిక్షే.

గుసగుస మొదలుపెట్టింది. గొంతు మామూలుగానే సన్నగా వచ్చింది. అయినా అవతల ఎవరూ ఏమిటని అడగలేదు. అంత దగ్గరగా ఉన్నవాళ్లకు అంతే చాలు. కుందేలు గోడ కింద గెంతింది. ఒక బుల్లి వేలు తెర మీదికి వచ్చి మీసాన్ని ముట్టుకుంది. గుచ్చుకోవట్లేదని ఆ వేలి తాలూకు గొంతు అందరికీ చెప్పింది. ఏనుగు వచ్చింది. కుందేలు బతిమాలింది. వీపు మీదికెక్కి గోడ అంచుకు మూతి ఆనించింది.

ఇక్కడ గుసగుస కాసేపు ఆగాలనుకుంది. పిల్లలు ఆగనివ్వలేదు.

"కుందేలూ, అవతల ఏముంది?" అని ఒకడు అడిగాడు.

"అక్క ఉంది," అని ఒక పాప చెప్పేసింది. "నేను కాళ్లు చూశా."

గదంతా గొల్లుమంది. అనుకున్న కథలో గోడ అవతల పూలతోట ఉంది. ఆ తోట బుర్రలోంచి ఎటు పోయిందో గుసగుసకు తెలియలేదు. అందరూ నవ్వుతున్నారు. ఆమె పక్కకు చూసింది. బాబాయి ఊపిరి కూడా బిగబట్టి, ముక్కు మీద వాలిన ఈగను తోలలేక కళ్లతోనే వేడుకుంటున్నాడు. ఆ ముఖం చూసేసరికి ఆమెకూ నవ్వు తన్నుకొచ్చింది. ఆ నవ్వుతోనే కుందేలు మాట్లాడింది.

"అక్కే కాదు, ఒక బాబాయి కూడా ఉన్నాడు. ఎంతసేపు చూసినా కదలట్లేదు. బొమ్మేమో మరి."

చూపించమని పిల్లలు గోల పెట్టారు. గుసగుస బాబాయి చేతిలోంచి టార్చి లాక్కుని, ఆయన్ను ముందుకు తోసింది. తెర మీద బాబాయి పడ్డాడు. బుర్రమీసాలు, బట్టతల మీద నిలబడ్డ రెండు వెంట్రుకలు, ఎగిరిపోతున్న ఈగతో సహా. పెద్దవాళ్లు కూడా పొట్టలు పట్టుకున్నారు. గుంపులోంచి పిన్ని గొంతు వినిపించింది, ఇన్నేళ్లలో ఈయన ఇంత స్పష్టంగా ఎప్పుడూ కనిపించలేదని.

"అక్క ఏదీ? అక్కను కూడా పెట్టు," అంది కాళ్లు చూసిన పాప.

గుసగుస టార్చిని తిరిగి బాబాయి చేతికిచ్చింది. ఒక్క క్షణం అక్కడే నిలబడింది. తర్వాత ఒక అడుగు పక్కకు వేసి వెలుగులోకి, తెర దగ్గరికి వచ్చింది. తెర మీద ఒక నుదురు, ఒక ముక్కు, ఒక గడ్డం, జడలోంచి తప్పించుకున్న పోచలు ఒక్కొక్కటీ విడివిడిగా. అవతలి నుంచి చిన్న చెయ్యి వచ్చి దుప్పటితో పాటు ముక్కును పట్టుకుంది.

"మెల్లగా, అది నిజంది," అంది ఆమె. ఆ మాట వెనక నిలబడ్డ వాళ్లకు కూడా వినిపించింది.