రేణిగుంటలో దిగిన రాకూన్లు

ధరణి పిల్లల కోసం ఒక బొమ్మల నవల గీస్తోంది. కళ్ల చుట్టూ నల్లటి పట్టీ, మనుషుల చేతుల్లాంటి ముందుకాళ్లూ ఉన్న నాలుగు రాకూన్లు చెన్నై రేవులో ఓడ దిగి, లారీలో దాక్కుని, తడ దాటి రేణిగుంటకు వస్తాయి. కొత్త ఊళ్లో అవి తిండి ఎలా సంపాదించుకున్నాయన్నదే కథ. సగం అయ్యాక ఎనిమిదేళ్ల మేనకోడలు నవీనకు చూపించింది.

నవీన బొమ్మలన్నీ చూసి కాగితాలు పక్కన పెట్టేసింది.

"అత్తా, పెద్దదొకటే అన్నీ ఎతకతా ఉండాది. మిగిలిన మూడూ ఎందుకొచ్చినాయి?"

"దాని వెనకాల పోతా ఉండాయి కదా."

"పోయి తింటాయి, అంతే. నేనైతే వాటితో ఆడుకోను."

ధరణికి ముందు కోపం వచ్చింది. తీరా పేజీలు తిరగేసి చూసుకుంటే పిల్ల అన్నది నిజమే. మూడింటికీ ముద్దొచ్చే తోకలు గీసింది గానీ, ఒక్క పనీ ఇవ్వలేదు. ఆ తర్వాత కొన్నాళ్లు పెన్సిలు ముట్టబుద్ధి కాలేదు.

ఆదివారం ఆమె అన్న మునికృష్ణ లారీలో తిరిగొస్తూ పెద్ద పనసపండు తెచ్చాడు. గోనెపట్టా మీద దించగానే ఇల్లంతా వాసన. బంక అంటకుండా తల్లి దేవకమ్మ అందరి చేతులకూ నూనె రాసింది.

ధరణి పండును పట్టుకుంది. మునికృష్ణ కత్తి దించగానే పండు జారి ఆమె ఒళ్లోకి దొర్లింది.

"గెట్టిగా పట్టుకోమంటి కదమ్మే," అంటూ దేవకమ్మ పీట తెచ్చి అడ్డం పెట్టింది. ఈసారి పండు చీలింది. నవీన చిన్న వేళ్లు దూర్చి, పెద్దవాళ్ల చేతులు పట్టని సందుల్లోంచి తొనలు ఊడదీసింది.

"నువ్వు లేకుంటే మాకు సగమే దక్కేది," అన్నాడు మునికృష్ణ.

"సూడు నాయనా, ఇంకా ఉండాయి," అని నవీన తలెత్తింది. ముక్కు మీదా కళ్ల చుట్టూ పనసపీచు. ఆ ముఖం చూసి ధరణి నవ్వింది. నూనె చేతులతోనే లేచి బల్ల దగ్గరికి వెళ్లింది.

కొత్త పేజీల్లో పెద్ద రాకూన్ పండును కొరికి చీలుస్తుంది. ముసలిది నూనె తెస్తుంది. లావుది పండు దొర్లకుండా అడ్డం పడుకుంటుంది. చిన్నది తొనలు తీస్తుంది. నవీన చదివి, మళ్లీ మొదటికి తిప్పింది.

"చిన్నదాని పేరేంది?"

"నీ పేరే పెడదామా?"

"వద్దు, బళ్లో ఎగతాళి చేస్తారు. చిట్టితొన అని పెట్టు."

పుస్తకం అచ్చయ్యాక ధరణి రేణిగుంటలో ఒక బడికి వెళ్లి చదివి వినిపించింది. కథ అయిపోగానే ఒక పాప లేచింది.

"అక్కా, అవి ఇప్పుడు యాడుండాయి?"

ధరణి నోరు తెరిచేలోపే వెనక నుంచి ఇంకో అమ్మాయి, "మా ఇంటికాడ గోడౌన్లో," అంది.

సాయంత్రం బడి వదిలాక, నలుగురు పిల్లలు టిఫిన్ డబ్బాల్లో మిగిల్చిన తిండి పట్టుకుని ఆ గోడౌన్ వైపు వెళ్తుంటే, ధరణి కూడా వాళ్ల వెంట నడిచింది.