ఆయన వంతు ఏడుపు

వాన వెలిసిన పొద్దున యెదీదా మళ్ళీ ఆ కన్నానికే మట్టి మెత్తుతోంది. నాలుగేళ్ళ కిందట ప్రవక్త అయిన ఆమె మొగుడు, ఊరంతా చూస్తుండగా, ఉత్త చేతులతో ఇంటిగోడ తవ్వి, భుజాన మూట వేసుకుని ఆ కన్నంలోంచి బయటికి పాకాడు. తమని చెరపట్టి తెచ్చాక అక్కడ యెరూషలేములో మిగిలిన రాజు కూడా ఇలాగే పారిపోతాడని చూపించడానికి దేవుడు చేయించిన సూచన అది. జనం నోళ్ళు తెరుచుకుని చూశారు, నాలుగు రోజులు చెప్పుకున్నారు, ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. కన్నం మాత్రం యెదీదాకి మిగిలింది. ఈ బబులోను మట్టి పాడుగాను, వానొస్తే చాలు పెళ్ళలుగా ఊడొస్తుంది. ఏటేటా రెల్లు తరిగి, మట్టి తొక్కి, మెత్తుతూనే ఉంది.

"దేవుడు వాడితో మాట్లాడుతున్నాడే. మధ్యలో నీకేం పని? నోరు మూసుకుని ఇంత వండిపెట్టు, చాలు," అనేది అత్తగారు, బతికున్నన్నాళ్ళూ. ఏం వండాలో కూడా దేవుడే చెప్పాడు మరి. ఇంకో సూచన కోసమని ఏడాది పైచిలుకు ఆయన్ని ఎడమపక్కకే తిరిగి పడుకోమన్నాడు. పడుకున్నాడు. ఒరుసుకుపోయి పుళ్ళు పడ్డ ఆ పక్కని కడిగి నువ్వులనూనె రాసిందెవరు? గోధుమలూ యవలూ చిక్కుళ్ళూ సజ్జలూ ఒక్క కుండలో పోసి రొట్టె చేసుకోవాలట, అదీ మనిషి మలం మీద కాల్చుకోవాలట. "అయ్యో ప్రభూ, ఊహ తెలిసిన నాటినుంచీ మైల ముద్ద నా నోట పెట్టలేదు," అని ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాడు. యాజకుల బిడ్డ కదా. సరే పిడకల మీద కాల్చుకో అన్నాడు దేవుడు. అడిగితే ఆజ్ఞ మార్చుకునే దేవుడు మనవాడని తేలాబీబు ఊరంతా మురిసిపోయింది. పిడకలు చేసింది యెదీదా.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆయన నాలుక అంగిటికి కరుచుకుపోవడం ఒక ఎత్తు. దేవుడు పలికిస్తే తప్ప పలకడు. ఉప్పు కావాలంటే వేలు చూపిస్తాడు, నీళ్ళు కావాలంటే కుండ ముట్టుకుంటాడు. మొదట్లో ఇద్దరి మాటలూ తనే మాట్లాడుకునేది. చలిగా ఉందా? ఉంది. కంబళి తేనా? తే. కొన్నాళ్ళకి తనమీద తనకే జాలేసి మానేసింది. పదిహేనేళ్ళకి కాపురానికొచ్చిన పిల్ల, చెరపట్టి నడిపించుకొచ్చినప్పుడు దారి పొడుగునా ఆయన చెయ్యి వదలని పిల్ల, చివరికి తన ఇంట్లో తన గొంతు విని తనే ఉలిక్కిపడే స్థితికి వచ్చింది.

అందుకే గోడ అవతల ఆయన గొంతు వినబడేసరికి ఆమె చేతిలో మట్టి చేతిలోనే ఉండిపోయింది. ఊరి పెద్దలు వచ్చినట్టున్నారు.

"నా కళ్ళకి ఇంపైనదాన్ని దేవుడు ఇవాళ తీసేసుకుంటున్నాడు," అంటున్నాడాయన.

"ఏమిటయ్యా అది?" పెద్దాయన హషబ్యా గొంతు.

"నా భార్య. సాయంత్రానికి చనిపోతుంది."

యెదీదా కన్నానికి చెవి ఆనించింది. తడిమట్టి చెంపకి చల్లగా తగిలింది.

"నేను ఏడవను. తలపాగా తియ్యను. చెప్పులు విప్పను. మూతి కప్పుకోను. మీరెవరూ చావింటి రొట్టె తేవద్దు. ఏడ్చేవాళ్ళని పిలవద్దు. ఎందుకంటే మీ కళ్ళకి ఇంపైన మన యెరూషలేము గుడి కూడా ఇలాగే పోతుంది. మీకూ ఏడవడానికి నోరు రాదు."

"గుడా? మన గుడా?" అన్నాడు హషబ్యా. అంతే, అందరూ ఒక్కసారి అందుకున్నారు. గుడి ఎలా పోతుంది, ఎప్పుడు పోతుంది, బలిపీఠం గతేమిటి, పాత్రలు ఎవరు ఎత్తుకుపోతారు. పొద్దెక్కేదాకా గుడి గురించే. లోపల ఉన్న మనిషికి ఒంట్లో ఎలా ఉందని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు.

ఒంట్లో ఆమెకి నలత కూడా లేదు. కానీ ఆయన నోట వచ్చింది వచ్చినట్టు జరిగి తీరుతుంది, ఆ సంగతి ఆమెకి తెలిసినంతగా ఊళ్ళో ఎవరికీ తెలియదు. గోడకి చేరగిలి కూలబడింది. భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది మరొకటి. తను ఆయన కళ్ళకి ఇంపట! ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట తనతో అనలేదు. పరాయి మగాళ్ళకి చెప్పాడు, అదీ పోతోందని చెప్పడానికి. సంతోషించాలో గుండె బాదుకోవాలో తెలియలేదు. ఆ తర్వాత పిడకలు గుర్తొచ్చాయి. తన నోట్లో ముద్ద కోసం దేవుణ్ణి బతిమాలాడు కదా. దేవుడు విన్నాడు కదా. మరి నా కోసం ఒక్క మాట అడిగి ఉంటే ఏం పోయేది? రొట్టెపాటి చెయ్యనా నేను?

ఊళ్ళో కుక్కలాంటి మొగుడి కోసం కూడా నలుగురు ఆడవాళ్ళు కూడి జుట్టు విరబోసుకుని ఏడుస్తారు. తనకి అదీ లేదు. చచ్చాక ఏడవద్దన్నాడు...

యెదీదా కళ్ళు తుడుచుకుంది. బతికుండగా ఏడవద్దని మాత్రం అనలేదు.

చేతులు కడుక్కుని, కెబారు కాలువ గట్టుకి నడిచింది. బట్టలుతికే ఆడవాళ్ళ మధ్య అజూబా కూర్చుని ఉంది. తేలాబీబులో ఎవరు పోయినా ఏడుపు ఎత్తుకునేది ఆ ముసలమ్మే.

"పెద్దమ్మా, ఒక ఏడుపు ఎత్తుకోవాలి."

"ఎవరే పోయింది?"

"ఇంకా పోలేదు. సాయంత్రం పోతుంది. తర్వాత ఏడవకూడదట, మా ఆయన పెద్దలకి చెప్పారు. అందుకే ఇప్పుడు."

అజూబా ఆమె ముఖంలోకి చూసింది. గట్టుమీద గుడ్డలు బాదే చప్పుళ్ళు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ముసలామె తలగుడ్డ లాగి పారేసింది.

"కూర్చోవే తల్లీ. పేరు లేకుండా నేను ఏడుపెత్తను. మూడుసార్లు పేరు, తండ్రి పేరు చెప్పాలి. నీ..." అని ఆగింది. "ప్రవక్తగారి భార్యా, ప్రవక్తగారి భార్యా అనే పిలిచాం పదేళ్ళూ. నా మొహం మండ! నీ పేరేంటే?"

"షెఫట్య కూతుర్ని. యెదీదా."

అజూబా రొమ్ము చరుచుకుని గొంతెత్తింది. వెనకనుంచి అప్పుడే కడవతో వచ్చిన షెలోమీతు అలవాటుకొద్దీ, "అయ్యో సీయోను కుమారీ!" అని అందుకుంది. ఈ కాలువ గట్టున వాళ్ళు ఏడ్చిందల్లా సీయోను కోసమే, ఆ యెరూషలేము పట్నం కోసమే కదా.

"సీయోను కాదే, నీ నోరు పడ! ఈవిడ!" అని కసిరింది అజూబా. "పట్నానికి ఏడ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. అను. అయ్యో యెదీదా!"

"అయ్యో యెదీదా!"

"కన్నం మెత్తిన చేతులమ్మా, పిడక చరిచిన చేతులమ్మా..."

"అయ్యో యెదీదా!"

"పలకని ఇంట్లో పలికిన గొంతమ్మా..."

మూడోసారి పేరు పలికేసరికి యెదీదా వల్ల కాలేదు. ఎవరో పోయినట్టుగా, తనకి బాగా కావలసిన మనిషెవరో పోయినట్టుగా, మట్టిలో పడి వెక్కివెక్కి ఏడ్చింది. తన ఏడుపు అయ్యాక ఆయన గుర్తొచ్చాడు. దారి పొడుగునా తన చెయ్యి పట్టుకుని నడిచిన కుర్రాడు. మళ్ళీ ఏడ్చింది. అజూబా ఆమె నోట్లో తన మూటలోని రొట్టె ముక్క పెట్టింది. చావింట్లో పెట్టినట్టే పెట్టింది.

ఇంటికొచ్చేసరికి ఎండ వాలుతోంది. ఆయన గడప మీద కూర్చుని ఆమెనే చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. దేవుడు చెప్పమన్నది అయిపోయింది కాబోలు. కళ్ళు మాత్రం నీళ్ళు నిండి, కారడానికి వీల్లేక, ఎర్రబడి ఉన్నాయి. ఆమెకి కోపం రాలేదు. రాకపోవడమే ఆశ్చర్యంగా అనిపించింది.

కన్నానికి మిగిలిన మట్టి మెత్తింది. చేతులు కడుక్కుని, ఆయన తలపాగా విప్పి, దులిపి, రేపటికి వదులు కాకుండా గట్టిగా చుట్టింది. వంగి చెప్పుల వారు బిగించి కట్టింది. ముడి వేస్తుండగా చేతి వేళ్ళు చల్లబడటం తెలిసింది. అలాగే ఆయన పాదాల దగ్గర కూర్చుండిపోయింది.

"బాధపడకండి," అంది మెల్లిగా. "మీ వంతు ఏడుపు కూడా నేనే ఏడ్చేసి వచ్చాను."