ఇనుపకలుపు మడి

క్లైడ్ కాడిల్‌కి వండిపెట్టాలంటే రొవీనాకి చేతులు రావు. పాతికేళ్లుగా ప్రతి ఆగస్టులోనూ వాళ్లింట్లో జరిగే కాడిల్ బంధువుల కలయికకి వచ్చి ఆ పెద్ద బావగారు ఆమె వేయించిన కోడి తిని, ఎముకలు పళ్లెంలో వదిలి లేచిపోతున్నాడు. బాగుందన్న మాట ఒక్కనాడూ ఆ నోట రాలేదు. అది పోనీ. నిన్న ఆయన చెప్పాడని మొగుడు లోవెల్ ట్రాక్టర్ కట్టి, వాగొడ్డున ఆమె పెంచుకున్న పూలమడిని మొత్తం నరికేశాడు. ఇవాళ ఆ అన్నదమ్ములకీ, కాడిల్ బలగమంతటికీ ఆమే తెల్లారకముందు లేచి కోడిముక్కలు పిండిలో దొర్లిస్తోంది.

ఆ మొక్కని అక్కడివాళ్లు ఇనుపకలుపు అంటారు. మనిషిని మించి ఎదుగుతుంది, కాడ వంచితే వంగదు, కొసన ముదురు ఊదారంగు పూలు గుత్తులుగా పూస్తుంది. చేదని పశువు ముట్టదు. పచ్చికలో అది కనబడితే ఆ రైతు ఒళ్లు వంచనివాడని కెంటకీ పల్లెల్లో ముద్ర. అలాంటిదాన్ని రొవీనా గింజ వేసి మరీ పెంచింది. తొలిమంచు పడ్డాక గింజలు దులిపి, తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టేది. చలి తగలందే ఆ గింజ కన్ను తెరవదు. "పాలసీసాకి చోటు లేదు, దీని ఇసుకకి మాత్రం పై అర," అనేవాడు లోవెల్. అత్తగారు బతికున్నన్నాళ్లూ ఇంకో మాట అనేది, అదీ చర్చి మెట్ల మీద, నలుగురూ వినేలా: "కడుపున ఏదీ పండలేదుగా, కలుపుని సాక్కుంటోంది." రొవీనా పగలంతా బడి వంటింట్లో రెండువందల మంది పిల్లలకి వండి, ఇంటికొచ్చి మళ్లీ వండి, గిన్నెలు తోమి, వెలుగుంటే ఆ మడి దగ్గర తిరగేసిన బకెట్ మీద కూర్చునేది. వేసవి చివర మిగతా పూలన్నీ ఎండిపోయాక తుమ్మెదలకి అదే ఆఖరి తిండి. రెక్కలంచులు చిరిగిన ముసలి తుమ్మెదలు రాత్రికి ఆ పూలనే పట్టుకుని పడుకుని, పొద్దున ఎండ తగిలాక మళ్లీ పనిలో పడేవి. వాటిని చూస్తుంటే ఆమెకి నవ్వొచ్చేది. ఇంటిచాకిరీకి తనకి ఇవ్వనట్టే వీటికీ ఎవరూ జీతం ఇవ్వరు. కానీ ఇక్కడ ఎవరూ తరమరు కూడా.

ఆ నేల కాడిల్ వాళ్లది కాదు. ఆమె తండ్రి ఆమె పేర రాసిచ్చింది. అందుకే ఇంటి చుట్టూ ఏ మూలా నాటకుండా అక్కడ నాటింది.

నిన్న యంత్రం చప్పుడు విని ఆమె పరుగెత్తేసరికి సగం పడిపోయింది.

"రేపు ఊరంతా దిగుతోంది. వాళ్ల బండ్లు నా నెత్తిన పెట్టుకోనా?" అన్నాడు లోవెల్, ఇంజిన్ ఆపకుండానే.

"పై పొలం ఖాళీగానే ఉందిగా."

"అది బురద."

"మూడు వారాలుగా చినుకు లేదు, బురద ఎక్కణ్ణించి వచ్చింది?"

"అన్నయ్య ఇక్కడే చెయ్యమన్నాడు. కలుపేగా, బంగారం కోసినట్టు ఏంటా మొహం? పుడ్డింగ్ అయిందా లేదా?"

కోసిన కాడల మీద తుమ్మెదలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అవి పూల కోసం వెతుకుతున్నాయో, నిన్నటి పక్క కోసం వెతుకుతున్నాయో ఆమెకి తెలియలేదు. వెనక్కొచ్చి పుడ్డింగ్‌లోకి అరటిపళ్లు తరిగింది.

ఇవాళ బండ్లు వచ్చాయి. ఒక్కటీ వాగొడ్డుకి పోలేదు, అన్నీ పై పొలంలోనే ఆగాయి. వంటింటి కిటికీలోంచి చూస్తే, నరికిన మడిలో నాలుగు మూలలా కర్రలు పాతి ఉన్నాయి, వాటికి నారింజరంగు రిబ్బన్లు కట్టి ఉన్నాయి.

క్లైడ్ భార్య గ్లెన్నా చిక్కుడుకాయల గిన్నె బల్ల మీద పెట్టి కిటికీ దగ్గరికొచ్చింది. "అబ్బ, ఇప్పుడు చూడు ఎంత కళగా ఉందో. మా అబ్బాయి ట్రావిస్‌కి ట్రైలర్ ఇల్లు శుక్రవారం లారీతో లాక్కొచ్చి దించుతారట. కోడలికి ఒకటే సంబరం."

"ఎక్కడ దించుతారక్కా?"

"ఎక్కడేంటే, అక్కడే. ట్రావిస్ పేర రాసిచ్చింది మీరేగా? చలికాలంలో నువ్వేగా పట్నం వెళ్లి సంతకం పెట్టొచ్చావు? ఇంత పెద్ద మనసు నీకుందని నేను అందరితోనూ చెప్పాను."

రొవీనాకి ఫిబ్రవరి గుర్తొచ్చింది. ట్రాక్టర్ అప్పు తిరగరాయాలన్నాడు లోవెల్. బడి నుంచి వచ్చినదాన్ని వచ్చినట్టే బండెక్కించాడు. వకీలు గదిలో కాగితాల మీద వేలు పెట్టి ఇక్కడా, ఇక్కడా అని చూపించాడు. చూపించినచోటల్లా ఆమె సంతకం పెట్టింది. చదవాలనిపించలేదా అంటే, అనిపించింది. మొగుడి మీద నమ్మకం లేదా అని అక్కడందరూ అనుకుంటారేమోనని చదవలేదు. తిరిగొస్తూ దారిలో లోవెల్ ఆమెకి ఐస్‌క్రీమ్ కొనిపెట్టాడు. పెళ్లయ్యాక అలా కొనిపెట్టడం అదే మొదలు. ఆ సంతోషంలో వారం రోజులు బతికింది. 

"కోడి మాడుతోందే," అంది గ్లెన్నా.

తినేముందు కాడిల్ వాళ్లందరూ పెరట్లో చేతులు పట్టుకుని వలయంగా నిలబడతారు. క్లైడ్ టోపీ తీసి ప్రార్థన చెబుతాడు. తర్వాత, ఆ ఏడాదిలో దేవుడు తమకేమిచ్చాడో ఇంటికొకరు చెప్పాలి. చెప్పేది మగవాళ్లు. ఆడవాళ్లు ఆమెన్ అంటారు. లోవెల్ వంతు వచ్చింది. దూడలు బాగా పుట్టాయన్నాడు, గడ్డి బాగా పండిందన్నాడు, అన్నదమ్ములం కలిసున్నాం, అంతకంటే ఏం కావాలన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. రొవీనా అనలేదు. లోవెల్ చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది.

"నాదీ ఒకటుంది బావగారూ," అంది.

క్లైడ్ నవ్వాడు. "నీ మొగుడు చెప్పాడుగా అమ్మాయ్. కోడి చల్లారిపోతోంది."

"చల్లారనీండి. వేయించింది నేనేగా. ఈయన వచ్చినవన్నీ చెప్పాడు. పోయింది నేను చెప్తాను."

"రొవీనా," అన్నాడు లోవెల్ గొంతు తగ్గించి, "అందరూ వెళ్లాక మాట్లాడుకుందాం."

ఆమె అతని వైపు చూడలేదు. 

"మా నాన్న నాకిచ్చిన నేల," అంది. "రెండెకరాల పాతిక సెంట్లు."