మామగారు ఒంటరిగా నిలబడిన సీను

పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి మా మామగారు ఎవరి సాయమూ లేకుండా నిలబడింది ఒక్క సినిమాలోనే.

వీధిలో మేడలు కూలుతుంటాయి. జనం కెవ్వుకెవ్వుమంటూ పరిగెడుతుంటారు. మామగారు మాత్రం మా వరండాలో నిటారుగా నిలబడి, నెత్తిమీదికి ఊడిపడబోతున్న సన్‌షేడ్ వంక తల ఎత్తి చూస్తుంటారు. నీలం కవచం తొడుక్కున్న వీరుడు ఆకాశం నుంచి దిగి దాన్ని ఒంటిచేత్తో ఆపుతాడు. మామగారు అతనికి సెల్యూట్ కొడతారు. అంతే సీను. హాల్లో ఈలలు వేశారని మరిది ఫోన్ చేసి చెప్పాడు.

షూటింగుకి మా వీధిని ఎంచుకోవడానికి కారణం ఇళ్లన్నీ పాతబడి, కూలినా నమ్మేటట్టు ఉండటమట. వరండాలో కుర్చీలో కూర్చున్న మామగారి మీసాలు వాళ్ల అసిస్టెంటు కంటపడ్డాయి. ఆయన స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. జీవితమంతా పిల్లల్ని నిటారుగా నిలబెట్టిన మనిషి. కుర్చీలోనే కూర్చోబెట్టి తీసుకోండి అన్నాను నేను. డైరెక్టరు ఒప్పుకోలేదు. కూర్చుంటే చూసేవాళ్లకి జాలి పుడుతుందట, అతనికి కావలసింది గౌరవమట. ఎవరో ఒకరు పట్టుకుంటే తప్ప నిలబడలేరని చెబితే, దానికేముందండీ, మీరే పట్టుకోండి, తర్వాత కంప్యూటర్లో మిమ్మల్ని చెరిపేస్తాం అన్నాడు, చొక్కా మీద మరక సంగతి మాట్లాడినంత తేలిగ్గా.

కంప్యూటర్లో చెరపడానికి వీలుగా నాకు తలనుంచి కాళ్లదాకా ఆకుపచ్చ గుడ్డ తొడిగారు. కళ్లు తప్ప ఏమీ కనబడవు. మామగారి చొక్కా కింద నడుముకి ఎప్పుడూ ఉండే బెల్టు ఉంది. దానికి రెండు వైపులా పట్టీలుంటాయి. ఆయన వెనక నిలబడి రెండు పట్టీలూ పట్టుకుని, బలం లేని ఎడమవైపు నా తుంటి ఆనించి, రోజూ ఎలా నిలబెడతానో అలాగే నిలబెట్టాను. రోజూ అయితే మంచం దగ్గర్నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి బాత్రూముకి. ఆ రోజు మాత్రం లోకకళ్యాణానికి.

వీరుడు దిగాల్సినప్పుడల్లా ఏదో ఒకటి తేడా వచ్చేది. అతన్ని తాళ్లతో పైకి లాగేవాళ్లకీ నాలాంటి పచ్చగుడ్డలే. అన్నాల దగ్గర మా పచ్చగుడ్డల బంతి వేరు. వాళ్లలో ఒకాయన, పోయిన సినిమాకీ ఈ సినిమాకీ వీరుడు బాగా ఒళ్లు చేశాడనీ, ఎగిరేది ఆయనా, నడుం పట్టేసేది తమకూ అనీ విసుక్కున్నాడు. నా భుజం సంగతి చెప్పాను. ఏదో నూనె పేరు చెప్పాడు.

నూనెతో పోయే నొప్పి కాదది. కొన్ని నెలలాగి చూపించుకుంటే, భుజంలో నరం చాలాకాలంగా చిరుగుతూ వచ్చిందని డాక్టరు చెప్పింది. బరువు లాగీ లాగీ అలా అయిందట. ఆపరేషన్ చెయ్యాలి, ఆ తర్వాత రెండు నెలలు నీళ్ల చెంబు కూడా ఎత్తకూడదు, ఇంకా ఆలస్యం చేస్తే చెయ్యి పైకి లేవదు అంది. మామగారి పని మా ఆయన చేస్తారా అంటే, ఆయన నడుం నొప్పికి ఏ బరువూ ఎత్తకూడదని నాకంటే ముందే ఒక డాక్టరు రాసిచ్చి ఉన్నాడు. ఆ విషయంలో మా ఆయన ముందుచూపు గొప్పది. అందుకని మరిదిని అడిగాను. రెండు నెలలు నాన్నగారిని మీ ఇంట్లో పెట్టుకోమని. "నాన్న నాకూ నాన్నే కదా వదినా" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆస్పత్రిలో రెండు వారాల తర్వాతి గురువారానికి తేదీ తీసుకున్నాను.

ఆపరేషన్ ఇంకా రాలేదు. సినిమా వచ్చేసింది.

బంధువులు వరసపెట్టి ఫోన్లు. బాగా కోలుకున్నారే అని ఆశ్చర్యాలు. మా తోటికోడలు ఆ సీను ఫోన్లో స్టేటస్ పెట్టుకుని, కింద 'మా మామయ్య ఉక్కుమనిషి' అని రాసింది. మామగారు మొదటి రెండు రోజులూ ఫోన్లో ఆ ముక్క చూసి నవ్వుకున్నారు. మూడో రోజు నుంచి నవ్వడం మానేసి గంభీరంగా చూడసాగారు. పలకరించడానికి వచ్చిన పాత మాస్టార్లతో, ఎండలో అంతసేపు నిలబడ్డా కాలు వణకలేదని చెప్పారు. అబద్ధం కాదు. వణికింది నా కాలు.

ఒక మధ్యాహ్నం మా ఆయన్ని ఇంట్లో ఉంచి నేనూ ఆ సినిమాకి వెళ్లాను. మామగారి సీను వచ్చింది. బాగా చెరిపారు. చొక్కా మడత కూడా చెదరలేదు. దానికంటే నన్ను ఆశ్చర్యపరిచింది వీరుడి తల్లి. ఆమె మంచంలో ఉంటుంది, లేవలేదు. కొడుకు ఊళ్లను కాపాడటానికి వారాల తరబడి తిరుగుతుంటాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. అయినా ఆమె తల నున్నగా దువ్వి ఉంటుంది. దుప్పటికి ముడత ఉండదు. కొడుకు కిటికీలోంచి ఎగిరొచ్చి చెయ్యి పట్టుకుంటే, "నా గురించి బెంగపడకు, లోకానికి నువ్వు కావాలి" అంటుంది. ఆమెను పక్కకి తిప్పేది ఎవరు, పక్కబట్టలు మార్చేది ఎవరు అని నేను చివరిదాకా వెతికాను. లోకం బతికింది కానీ ఆ మనిషి మాత్రం కనబడలేదు. నాలాగే పచ్చగుడ్డలో ఉందేమోనని సరిపెట్టుకున్నాను.

ఆదివారం మరిదీ తోటికోడలూ వచ్చారు. సామాను తీసుకెళ్లడానికేమో అనుకుని మామగారి బట్టలు సర్దిపెట్టాను. వాళ్లు కాఫీలు తాగి, ఎండల గురించి మాట్లాడి, చివరికి అసలు సంగతికి వచ్చారు. నాన్న ఇంత బాగా నిలబడుతుంటే ఇప్పుడు చోటు మార్చడం దేనికి, కొత్త చోట బెంగపెట్టుకుంటారేమో, వదిన ఆపరేషన్ వదిన చేయించుకోవచ్చు, నాన్న పని నాన్నే చూసుకుంటారు అని మరిది చెప్పుకొచ్చాడు. మా ఆయన కాఫీ గ్లాసు లోపలికి చూస్తూ, వాడు చెప్పిందీ ఒకందుకు నిజమేనేమో అన్నారు.

ఆ సీనులో ఆయన వెనక నేనున్నానని చెప్పాను. తోటికోడలు ఫోన్ తీసి, సీను ఆపి, రెండు వేళ్లతో బొమ్మ పెద్దది చేసి, మామగారి నడుం దగ్గర శ్రద్ధగా వెతికింది.

"ఎక్కడక్కా? కనబడటం లేదే" అంది.

పచ్చగుడ్డ సంగతి చెప్పాను. వినేసరికి నాకే కట్టుకథలా అనిపించింది. అక్కకి ఆపరేషన్ అంటే భయంగా ఉన్నట్టుంది, అందుకే ఏదేదో మాట్లాడుతోంది అని ఆ పిల్ల మా ఆయనతో మెల్లగా అంది. గురువారం ఇక రాదని నాకు అప్పుడు తెలిసిపోయింది.

పక్కనే కూర్చుని వింటున్న మామగారు కుర్చీ చేతులు చరిచారు. వాదనలెందుకు, నిలబడి చూపిస్తానన్నారు. తోటికోడలు వీడియో తియ్యడానికి ఎదురుగా వెళ్లి నిలబడింది. నేను వెనక చేరి పట్టీలు పట్టుకుని లేపాను. భుజంలో కత్తి దిగినట్టయింది. ఆయన ఛాతీ విరిచి, మీసం సవరించుకుని, గది అంతా వినబడేలా అన్నారు.

"ఇక వదిలెయ్ అమ్మాయ్."

పెదవులు కదలకుండా, నాకు మాత్రమే వినబడేలా మళ్లీ అన్నారు.

"వదలకు."

వదిలితే ఆపరేషన్ జరుగుతుంది. ఆయన తుంటి విరుగుతుంది, ఇద్దరం పక్కపక్క వార్డుల్లో ఉంటాం. వదలకపోతే ఇదిగో, ఇంకో సినిమా. ఎదురుగా తోటికోడలు, ఇంకొంచెం నవ్వండి మామయ్యా అంటోంది.

"ఒకసారి ఇలా రా" అన్నాను మరిదితో. "నువ్వు పట్టుకో, నేను తప్పుకుంటేనే కదా ఆయన నిలబడేది కనబడుతుంది."

న్యాయంగానే తోచి వచ్చాడు. పట్టీలు రెండూ అతని చేతుల్లో పెట్టాను. తుంటి ఎక్కడ ఆనించాలో చెప్పాను. అతను గట్టిగా పట్టుకున్నాక నా చేతులు తీసేసి, వెళ్లి సోఫాలో కూర్చున్నాను.

మరిది ముఖం మొదట మామూలుగానే ఉంది. తర్వాత మెడ మీద నరాలు పైకి తేలాయి.

"వదినా, నాన్న బరువంతా నా మీదే ఉంది."

"అవును" అన్నాను.

"అబ్బ, ఎంత బాగా నిలబడ్డారో మామయ్య" అంది తోటికోడలు, ఫోన్లోంచి కళ్లు ఎత్తకుండా.

"ఆయన్ని కాదే, నన్ను చూడు."

"మీరు వీడియోలో పడటం లేదండీ. కొంచెం పక్కకి జరగండి."

జరగబోయాడు. మామగారి ఎడమ మోకాలు మడతపడింది. నేను లేవబోయి, సోఫా అంచు పట్టుకుని ఆగిపోయాను. మరిది ఎలాగో లాక్కుని నిలదొక్కుకున్నాడు. మామగారు ఎదురుగా ఉన్న ఫోన్ వంక చూశారు. మీసాలు సవరించుకునే చెయ్యి మెల్లగా వెనక్కి పోయి కొడుకు మణికట్టు పట్టుకుంది.

"గట్టిగా పట్టుకోరా. నేను నిలబడలేను" అన్నారు. ఈసారి అందరికీ వినబడేలాగే.

తోటికోడలు ఫోన్ దించేసింది. ఎలా కూర్చోబెట్టాలో చెప్పమని మరిది బతిమాలాడు. చెప్పాను. ముందు ఆయన కాళ్లకి వెనక కుర్చీ అంచు తగలనివ్వాలి, తర్వాత నువ్వు నడుం వంచకుండా మోకాళ్లు వంచాలి. అతను వంగాడు. నడుం పట్టేసింది. మా ఆయన సానుభూతిగా చూశారు, మంచి డాక్టరు ఉన్నాడన్నారు.

"ఇలా రోజుకి ఎన్నిసార్లు వదినా?" అని అడిగాడు మరిది, చెమట తుడుచుకుంటూ.

"ఆయన లేవాలనుకున్నప్పుడల్లా."

బుధవారం కారు తెస్తానన్నాడు. కొత్త చోట బెంగపెట్టుకుంటారన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. వాళ్ల బాత్రూములో గోడకి పట్టుకునే కమ్మీ వేయించాలని మాత్రం తోటికోడలు కొంచెం ముఖం ముడుచుకుని అంది. కమ్మీ ఏ ఎత్తులో ఉండాలో చెప్పాను. ఫోన్లో రాసుకుంది.

ఇంతలో మామగారు బాత్రూముకి వెళ్లాలన్నారు. అందరూ అలవాటుకొద్దీ నా వంక చూశారు. నేను మామగారి వంక చూశాను. ఆయన మరిది వంక చూశారు.

"పద నాన్నా" అంటూ మరిది లేచి, బెల్టు పట్టీల కోసం తడుముకున్నాడు.